విప్పితే ఊడే ముడి

పొద్దున్న ఆరున్నర కొట్టేసరికి ఆ ఇంట్లో కేకలు మొదలయ్యేవి. ఐదేళ్ల పిచ్చుకకి నడుము దాకా జుట్టు. పిచ్చుక అన్నది తాత పెట్టిన పేరు. సన్నటి జుట్టు, పడుకుని లేచేసరికి మెడ వెనక పిడికెడు ఉండ కట్టేది. తండ్రి లారీ మీద పోతే వారానికోసారి ఇల్లు చేరేవాడు. తల్లి ఏడింటికల్లా బట్టలు ఇస్త్రీ చేసే కార్ఖానాలో ఉండాలి. ఒక చేత్తో అన్నం డబ్బాకి మూత పెడుతూ, ఇంకో చేత్తో దువ్వెన మాడు మీద ఆనించి కిందికి ఒక్క లాగు లాగేది. పిల్ల ఇల్లు పీకి పందిరేసేది.

తాత, ఆ ఇంటి ముసలాయన, వసారాలో కూర్చుని చేపల వలలు బాగుచేస్తుండేవాడు. యాభై ఏళ్లుగా అదే పని. ఆయన నోట మాట రాలడం అరుదు. కానీ ఆ లాగుడు చెవిన పడితే చేతిలో పని ఆగిపోయేది. చిక్కుపడ్డ వలని అలా పైనుంచి లాగేవాణ్ణి ఆయన తన దరిదాపులకి కూడా రానిచ్చేవాడు కాదు. అయినా కూతురి పిల్ల, కూతురిష్టం అని పళ్లు బిగించి ఊరుకునేవాడు.

ఆ రోజు దువ్వెన విరిగింది. మూడు పళ్లు జుట్టులోనే ఉండిపోయాయి. తల్లి విసురుగా పోయి కత్తెర తెచ్చింది.

"ఇవాళ్టితో సరి. మెడ దాకా కోసి పారేస్తా. పీడా పోతుంది."

పిచ్చుక రెండు చేతులూ మెడ వెనక్కి పెట్టుకుంది. "వద్దమ్మా. రేపట్నుంచి ఏడవను."

ఆ మాటతో ముసలాయనకి కోపం నషాళానికంటింది. వల అవతల పడేసి లోపలికొచ్చి కత్తెర లాక్కుని బల్ల మీద పెట్టాడు.

"అది పిల్ల తలా, గడ్డిమోపా? పైనుంచి లాగితే బిగుస్తుంది గానీ వస్తుందా? దేవుడు నీకు చేతులిచ్చాడు గానీ వేళ్లు పెట్టడం మర్చిపోయాడు."

ఆయన ఒక్కసారి ఇన్ని మాటలు ఆడటం కూతురు తన పెళ్లిలో కూడా వినలేదు. ఆవిడకీ కోపం ఎక్కింది.

"నువ్వా నాకు చెప్పేది? నా జడనేం చేశావో గుర్తుందా?"

"ఏం చేశాను?"

"అమ్మ తమ్ముణ్ణి కని ఆసుపత్రిలో ఉన్న వారం. రోజూ ఎవరల్లుతారని నా జడకి నైలాన్ దారంతో వలముడి బిగించావు. లాగేకొద్దీ బిగిసే ముడి. వారం తర్వాత అది రాలేదు. లోపల జుట్టంతా అట్ట కట్టింది. అప్పుడు చాకు తీసి చెవుల దాకా కోసేశావు, చిరిగిన వల కోసినట్టు. బళ్లో ఏడాదంతా నన్ను బోడిగుండు అన్నారు. నాకప్పుడు ఏడేళ్లు నాన్నా. 'మొలుస్తుందిలే' అని పోయి వల ముందు కూర్చున్నావు."

ముసలాయనకి గుర్తున్నది వేరు. ఆ వారమంతా ఎవరి సాయం అడక్కుండా వంటా పిల్లా రెండూ ఒంటిచేత్తో లాక్కొచ్చానని ఇన్నేళ్లూ లోలోపల గొప్పగా అనుకున్నాడు. కోపం మాత్రం పోలేదు. సగం తన మీదకే తిరిగింది.

"ఇలా కూర్చో," అన్నాడు పిచ్చుకతో.

"కార్ఖానా గేటు మూసేస్తారు," అంది కూతురు.

"మూసుకోనీ."

జుట్టు మీద నీళ్లు చిలకరించి నాలుగు చుక్కల నూనె రాశాడు. లాగుడు మాడు దాకా పోకుండా, ఆ చిక్కు ఉండకి పైన జుట్టుని పిడికిట్లో బిగించి పట్టుకున్నాడు. వలకైనా అంతే, కొసల దగ్గర మొదలెట్టి పైకి రావాలి. వల ముళ్లు విప్పే ఎముక పుల్లతో ఒక్కో పాయా విడదీశాడు. విరిగిన దువ్వెన పళ్లు ఒకటొకటే నేలమీద పడ్డాయి.

"నెప్పా?"

"లేదు తాతా. నీ వేళ్లు చేపల కంపు."

"నోరు మూసుకుని కూర్చో."

కూతురు సంచి భుజాన వేసుకుని, మొహం మాడ్చుకుని గుమ్మంలో నిలబడింది. ఏడు దాటింది. కదల్లేదు.

మూడు పాయలు అల్లడం ఆయనకి కష్టం కాలేదు. జడ కొసకి చేరాక చెయ్యి అలవాటుగా జేబులోని నైలాన్ దారం మీదికి పోయింది. పోయి, అక్కడే ఆగింది.

"రిబ్బనుందా?"

కూతురు విసిరేసింది. ఆయన కట్టాడు. వలముడే పడింది. తిట్టుకుంటూ విప్పాడు. మళ్లీ కట్టాడు, మళ్లీ అదే.

"యాభై ఏళ్లుగా ముళ్లేస్తున్నావు. విప్పితే ఊడేది ఒక్కటీ రాదా?"

"చూపిస్తే వస్తుంది."

ఆవిడ సంచి కింద పెట్టి మోకాళ్ల మీద కూర్చుంది. ఆయన మొహం చూడకుండా రిబ్బను ముడేసి, కొస పట్టి లాగి ఊడదీసి, మళ్లీ మెల్లగా వేసి చూపించింది. లేచి, బల్ల మీది కత్తెర తీసి సంచిలో పడేసుకుంది.

"ఇది నా దగ్గరే ఉంటుంది. ఇంకొక్క రోజు ఆలస్యమైతే కోసేస్తా."

"ఆరింటికి లేస్తా."

"ఐదున్నరకి," అని గుమ్మం దిగి గబగబా నడిచింది.