బండి తాగిన నీళ్ళు

పాత బండికి దాహం ఎక్కువ. ఈ మాట అన్నది కారు తయారుచేసిన కంపెనీవాళ్ళు కాదు, ముప్పై రెండేళ్ళు లారీ తోలి రిటైరైన ఓ పెద్దమనిషి. ఆ మాటని వేదవాక్కులా నమ్మింది ఆయన కూతురు. అంత సర్వీసున్నవాడికి బండి గురించి చెప్పబోవడమంటే తాతకు దగ్గులు నేర్పడమేనని ఆమె ఉద్దేశం. ఆ నమ్మకమే చివరికి ఇంత పని చేసింది.

కూతురు కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసే పని చేస్తుంది. వెంట్రుకవాసి తేడా వచ్చినా ఆమె కన్ను పట్టేస్తుందని యజమాని నలుగురిలో చెప్పుకుంటాడు. వారానికి మూడు రోజులు మధ్యాహ్నం షిఫ్టుకి మార్పించుకుని, పొద్దున్నే నాన్నని డయాలసిస్‌కి తీసుకెళ్తుంది. ఆయన కిడ్నీలు రెండూ ఏడాది క్రితమే చేతులెత్తేశాయి. ఒంట్లో చేరిన నీళ్ళు బయటికి పోయే దారి లేదు కాబట్టి, నాలుగు గంటలు మంచానికి అతుక్కుపోయి యంత్రం చేత తీయించుకోవాలి. అందుకని తాగే నీళ్ళకి కొలత పెట్టారు. రోజు మొత్తానికి నాలుగు చిన్న గ్లాసులు, మాత్రలు మింగే గుక్కతో సహా.

ఆ నాలుగు గ్లాసులూ అమ్మ పొద్దున్నే ఒక సీసాలో కొలిచి పోసి ఆయన మంచం పక్కన పెడుతుంది. ఆయన ఎదుట తను నీళ్ళు తాగడం మానేసింది. దాహమైతే వంటింట్లోకి వెళ్ళి, కొళాయి చప్పుడు కూడా వినబడకుండా దొంగలా తాగొస్తుంది. సొంత ఇంట్లో నీళ్ళు దొంగతనంగా తాగాల్సిన బతుకు పగవాడికి కూడా వద్దు.

ఎండలు ముదిరాక కారుకీ రోగం పట్టుకుంది. ఇరవై నిమిషాలు నడిస్తే చాలు, వేడి చూపించే ముల్లు ఎర్రగీత వైపు పాకడం మొదలెట్టేది. నాన్న చిట్కా వైద్యం చెప్పాడు. హీటర్ పెట్టమన్నాడు. ఇంజన్‌లో వేడిని అది లోపలికి లాగేస్తుంది, ఇంజన్ బతుకుతుంది. కూర్చున్నవాళ్ళు ఉడికిపోతారు, అది వేరే సంగతి. బయట నిప్పులు చెరిగే ఎండ, లోపల హీటర్, అద్దాలు దించితే వేడిగాలి. సగం దారిలో ఫ్లైఓవర్ కింద నీడ చూసి ఆపాలి. బోనెట్ ఎత్తి, ఇంజన్ చల్లారేదాకా పావుగంట ఆగి, పాత తువ్వాలు కప్పి రేడియేటర్ మూత తిప్పి, నీళ్ళు నింపాలి. వెళ్ళేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి.

ఆ నీళ్ళకి ఐదు లీటర్ల నీలం డబ్బా ఒకటుంది. అది నాన్న కాళ్ళ దగ్గరే ఉండాలి, చేతికందేలా. అందులో కొళాయి నీళ్ళు పోస్తే ఆయన ఊరుకోడు. ఉప్పు పొలుసు కట్టి రేడియేటర్ పాడవుతుందనీ, తాగే ఫిల్టర్ నీళ్ళే పొయ్యాలనీ పట్టుబట్టేవాడు. అందులో అబద్ధమేం లేదు, ఏ మెకానిక్‌ని అడిగినా అదే చెబుతాడు. కూతురు రోడ్డు మీద నిలబడి ఆవిరి తగ్గేదాకా చూసేది. ఎత్తిన బోనెట్ అద్దానికి అడ్డంగా ఉండేది కాబట్టి లోపలున్న నాన్న కనిపించేవాడు కాదు. డబ్బా మూత కిర్రుమని తిరిగిన చప్పుడు మాత్రం వినబడేది. నీళ్ళు సిద్ధం చేస్తున్నాడు పాపం అనుకునేది.

ఇంతలో ఇంకో గొడవ. ఇంట్లో తూకం యంత్రం ఒక బరువు చెబితే, గంట తర్వాత ఆస్పత్రి యంత్రం కిలో ఎక్కువ చెప్పేది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు అందరూ ఇంటి యంత్రాన్ని తిట్టుకున్నారు. కూతురు కొత్తది కొనుక్కొచ్చింది. అదీ అదే మాట చెప్పింది. ఒంట్లో నీళ్ళు ఎక్కువయ్యేకొద్దీ డయాలసిస్ యంత్రం ఎక్కువ లాగాలి. అలా లాగితే ఆయనకి పిక్కలు పట్టేసి, రక్తపోటు పడిపోయి, మంచం కమ్మీ పట్టుకుని పళ్ళు కొరుక్కునేవాడు. ఇలాగే సాగితే గుండె తట్టుకోదని నర్సు ముఖం మీదే చెప్పింది. ఆ రోజు ఇంటికొచ్చి కూతురు అమ్మ మీద విరుచుకుపడింది. జాలిపడి ఎక్కువ పోస్తున్నది నువ్వేనంది. అమ్మ లోపలికెళ్ళింది. సీసా తెచ్చి, కొలత గీత చూపించి, కళ్ళు తుడుచుకుంది. పక్కగదిలో నాన్న అంతా విన్నాడు. విని, అటు తిరిగి పడుకున్నాడు.

కూతురికి ఒకటే తోచింది. ఈ కారు బాగుపడితే హీటర్ పెట్టక్కర్లేదు. హీటర్ లేకపోతే ఆయనకి అంత దాహం వెయ్యదు. నాన్న వద్దన్నాడు. పాత బండి, ఎంత తాగుతుందో తాగనీ, దానికి వైద్యం ఎందుకన్నాడు. ఖర్చుకి భయపడుతున్నాడనుకుని ఆమె చెప్పకుండానే మెకానిక్ దగ్గరికెళ్ళింది.

ఆ మెకానిక్‌ని వీధి వీధంతా వేదాంతి అంటారు. బ్రేకులు అరిగాయని చెప్పడానికి కూడా, అరగనిది ఈ లోకంలో ఏముందమ్మా అని మొదలెడతాడు. పనిలో మాత్రం నిక్కచ్చి. ఓ సన్నని కర్ర చేతికిచ్చి, వారం పాటు బయల్దేరేముందు ఒకసారి, తిరిగొచ్చాక ఒకసారి డబ్బాలో ముంచి, తడిసినంత మేరా గీత పెట్టమన్నాడు. ఇలాంటి పని ఆమెకి వెన్నతో పెట్టిన విద్య. సన్నటి గీతలు పెట్టింది. రోజుకి మూడు లీటర్లు ఖర్చవుతోందని తేలింది.

గురువారం వేదాంతి బండి విప్పాడు. రేడియేటర్ పక్కన వెంట్రుకంత చీలిక దొరికింది. దాన్ని మార్చాడు, వేడికి తెరుచుకోవలసిన థర్మోస్టాట్ బిగుసుకుపోయి ఉంటే దాన్నీ మార్చాడు. తరవాత కర్ర మీది గీతలు చూసి నుదురు చిట్లించాడు. ఈ చీలికలోంచి పోయేది మహా అయితే లీటరు. మిగతా రెండు లీటర్లూ ఏమైనట్టు? ఇంజన్ లోపలికి దిగితే ఆయిల్ పాలలా మారాలి, మారలేదు. పొగ తెల్లగా రావాలి, రాలేదు. నీళ్ళకేం రెక్కలుండవు కదమ్మా అని ఊరుకున్నాడు. రేడియేటర్‌లో నీళ్ళకి బదులు కూలెంట్ నింపి, మిగిలింది మంచితనంతో నీలం డబ్బాలో పోసిచ్చాడు. పచ్చగా ఉంటుంది, నాలిక్కి తియ్యగా ఉంటుంది, కానీ విషం, చంటిపిల్లలుంటే అందనివ్వకు అని హెచ్చరించాడు. ఇంట్లో చంటిపిల్లలెవరూ లేరని ఆమె నవ్వింది.

శుక్రవారం పొద్దున్న ఏసీ వేసి బయల్దేరింది. నాలుగు నెలల తర్వాత ఆ కారులో చల్లగాలి వచ్చింది. ముల్లు నడిమధ్యన నిలబడి ఉంది. నాన్న మురిసిపోతాడనుకుంది. ఆయన కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. ఫ్లైఓవర్ దగ్గరయ్యేసరికి బండి వేడెక్కింది, ఆపమన్నాడు. లేదు నాన్నా, ముల్లు చూడు అంది. ముల్లు అబద్ధం చెబుతుంది, చప్పుడు మారింది, ఆపమన్నాడు. పెద్దాయన మాట తీసెయ్యడం ఎందుకని ఆపి, దిగి, బోనెట్ ఎత్తింది. ఆవిరీ లేదు, ఏమీ లేదు. అంతలో మూత కిర్రుమంది.

నీళ్ళు పొయ్యాల్సిన పనిలేనప్పుడు మూత ఎందుకు తిప్పుతున్నాడు? ఆ ఒక్క ప్రశ్నతో నాలుగు నెలల లెక్కా తేలిపోయింది. పోయిన రెండు లీటర్లు, ఒక్క వెళ్ళే దారిలోనే పెరిగిన కిలో, ఎత్తిన బోనెట్, అటువైపు ఆయనకి దొరికే పావుగంట. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఆ వెంటనే వేదాంతి హెచ్చరిక గుర్తొచ్చింది. ఆమె పరుగెత్తింది.

"నాన్నా, తాగకు. అది విషం."

ఆయన తాగలేదు. వెడల్పాటి మూత నిండా పచ్చటి కూలెంట్ ఒంపుకుని, దాన్నే చూస్తూ కూర్చున్నాడు. మూత అంచు పొర్లి ప్యాంటు మీద చుక్కలు పడుతున్నాయి.

"ఎప్పుడు తెలిసింది నీకు?" అన్నాడు.

ఇప్పుడే అని చెప్పాలి. నోరు పెగల్లేదు. ఆ మౌనానికి ఆయన వేరే అర్థం చెప్పుకున్నాడు.

"మంచి పనే చేశావు. నలుగురిలో అడిగి పరువు తియ్యకుండా, ఇది పోసి పెట్టావు."

తను పొయ్యలేదని, మెకానిక్ పోశాడని, తనకేమీ తెలియదని ఆమె ఏడుస్తూ చెప్పింది. ఆయన మూతలోది జాగ్రత్తగా మళ్ళీ డబ్బాలోకి ఒంపి, బిగించి, సర్లేమ్మా అన్నాడు. చిన్నప్పుడు తను గాజు గ్లాసు పగలగొట్టి నేరం పిల్లి మీద పెట్టినప్పుడు కూడా సరిగ్గా ఇలాగే సర్లేమ్మా అన్నాడు. ఆ గొంతు ఆమెకి బాగా తెలుసు. నమ్మలేదన్నమాట.

ఆ రోజు ఇంటి తూకం, ఆస్పత్రి తూకం ఒక్కటయ్యాయి. నర్సు మెచ్చుకుంది. తరవాత రెండు వారాలూ అంతే. పిక్కలు పట్టెయ్యలేదు, రక్తపోటు పడలేదు. కాగితాల మీద చూస్తే ఆయన అంత బాగా ఎన్నడూ లేడు. కూతురు అమ్మ దగ్గరికెళ్ళి, తప్పు నీది కాదమ్మా అంది. మరి ఎవరిదని అమ్మ అడగలేదు. కారు మంచులా చల్లగా నడిచేది. ఫ్లైఓవర్ వచ్చినప్పుడు నాన్న కళ్ళు మూసుకునేవాడు, దాటాక తెరిచేవాడు.

మూడో సోమవారం ఆయన చొక్కా వేసుకుని మంచం అంచున కూర్చున్నాడు కానీ చెప్పుల్లో కాళ్ళు పెట్టలేదు.

"ఇక వద్దమ్మా," అన్నాడు.

ఆమె మోకాళ్ళ మీద కూర్చుని బతిమాలింది. ఓ గ్లాసు ఎక్కువిస్తానంది, రెండిస్తానంది, డాక్టరుతో తను మాట్లాడుతానంది.

"మీ అమ్మ కొలిచి ఇస్తే అది మందు. అక్కడ నేను తాగింది నీళ్ళు." మంచం పక్కనున్న సీసాని అవతలికి జరిపాడు. "నాలుగు గంటలు ఆ మంచం మీద ఎలా పడుకునేవాణ్ణనుకుంటున్నావు? అయిపోయాక బండి ఎలాగూ ఆగుతుంది, బోనెట్ ఎలాగూ లేస్తుంది అనుకుంటూ పడుకునేవాణ్ణి. ఇప్పుడు దారిలో ఏముంది?"

"బండి మళ్ళీ వేడెక్కుతోంది నాన్నా. నిన్న కూడా ఆగిపోయింది."

ఆయన చిన్నగా నవ్వాడు. చెంపల్లో గుంటలు పడి ఆ నవ్వు చూడటానికి భయంగా ఉంది.

"ముప్పై రెండేళ్ళు తోలినవాడికా చెబుతున్నావు? వేడెక్కితే చూపించు, వస్తాను."

అది ఉత్తుత్తి మాటో నిజమైన మాటో ఆమె ఆలోచించలేదు. మునిగిపోయేవాడికి గడ్డిపోచ దొరికినట్టయింది. కొత్త డబ్బా తీసి, ఫిల్టర్ నీళ్ళు అంచుదాకా నింపి, ఆయన కూర్చునే చోట కాళ్ళ దగ్గర పెట్టింది. కారుని ఆయన కిటికీ ఎదురుగా, ఎండలో నిలబెట్టింది. హీటర్ కట్టేసింది, ఏసీ కట్టేసింది, అద్దాలన్నీ ఎత్తేసింది. ఇంజన్‌ని ఉన్నచోటే అరిపించింది. నాలుగు నెలలు ఏ ముల్లు లేవకూడదని ప్రాణాలు ఉగ్గబట్టుకుందో, ఆ ముల్లునే ఇప్పుడు లెమ్మని బతిమాలింది. ఒక్కసారి ఎర్రగీత తాకితే చాలు, కాస్త ఆవిరి వస్తే చాలు, ఆయన చూస్తాడు, చెప్పులేసుకుంటాడు.

ముల్లు నడిమధ్యకి వచ్చి ఆగింది. కాస్త పైకి కదిలిందనుకునేసరికి ముందున్న ఫ్యాను బుస్సుమని తిరిగింది, మళ్ళీ కిందికి వచ్చేసింది. వేదాంతి చేతిపని అలాంటిది. ఇరవై నిమిషాలైంది. అరగంటైంది. ఆమె చెమటలో తడిసి ముద్దయింది, కారు మాత్రం నిమ్మకు నీరెత్తినట్టుంది.

అమ్మ బయటికొచ్చి, అద్దం మీద వేలితో కొట్టి, నాన్న చొక్కా విప్పేసి పడుకున్నాడని చెప్పింది. అప్పుడే ఆస్పత్రి నుంచి ఫోన్ వచ్చింది. మీ నాన్నగారి మంచం ఖాళీగా ఉంది, బయట ఇంకొకాయన ఎదురుచూస్తున్నాడు, మీరు వస్తున్నట్టా రానట్టా అని నర్సు అడిగింది.

ఒక్క ఐదు నిమిషాలు ఆగండి, బండి ఇంకా వేడెక్కలేదు అంది కూతురు. నర్సుకి అర్థం కాక మళ్ళీ అడిగింది. ఆమె ముల్లు వైపే చూస్తూ యాక్సిలరేటర్ ఇంకాస్త తొక్కింది.