ఊరు తేలిన ఎండాకాలం

బోరింగు చేతికర్ర మీద ఒంటి బరువంతా వేస్తే గాని నీళ్లు రావడం లేదు. సత్తవ్వ వంగుతుంది, లేస్తుంది, మళ్లీ వంగుతుంది. భూమి లోపల ఎక్కడో గరగరమని చప్పుడై, చాలాసేపటికి సన్నటి ధార బిందెలో పడుతుంది. నిండిన బిందెను మోకాలి మీదికి, అక్కడినుంచి నడుము మీదికి, ఆ తర్వాత తలమీదికి ఎత్తుకొని ఆమె చక్కెర ఫ్యాక్టరీ క్వార్టర్ల వెనక సందులోకి నడిచింది. నడినెత్తిన వెంట్రుకలు ఎప్పుడో రాలిపోయాయి. మెడ కొంచెం ఎడమకు ఒరిగి అట్లాగే నిలిచిపోయింది. నెత్తిన బిందె లేనప్పుడు కూడా ఆమె ఏదో మోస్తున్నట్టే నడుస్తుంది.

డెబ్బై మూడో సంవత్సరం ఎండాకాలం అది. కిందటేడు వానలు మొహం చాటేశాయి. బోధన్ చుట్టుపక్కల చెరకు మోకాలెత్తులోనే ఎండింది. కాలువ అడుగున బర్రెలు నీడ వెతుక్కుంటున్నాయి. గుమాస్తా గారి భార్య వసంతమ్మ పెరట్లో మాత్రం వంగ, బెండ, బీర ఇంకా పచ్చగానే ఉన్నాయి. జాగా వసంతమ్మది, చాకిరీ సత్తవ్వది. కాసిన దాంట్లో సగం గంపకెత్తుకొని సత్తవ్వ బోధన్ బజారులో అమ్ముకుంటుంది. మొగుడు పోయిన ఏడు పట్టిన పని. పిల్లలు లేరు. ఒక్కపూట నీళ్లు తప్పితే ఆకు వాలుతుంది కాబట్టి ఆమె ఎక్కడికీ పోదు. వర్నిలో తల్లి చనిపోయినప్పుడు కూడా మట్టి పోసి, చేతులు కడుక్కొని, సాయంత్రం బస్సుకే తిరిగొచ్చింది. వచ్చేసరికి బీరతీగ తల వేలేసి ఉంది. బిందె ఎత్తుకొని సగం దారి నడిచాక గాని ఆమెకు ఏడుపు రాలేదు.

నిన్న పొద్దుగూకే వేళ తమ్ముడు బాలన్న వర్ని నుంచి వచ్చాడు. గుడిసె ముందు కూర్చొని బీడీ ముట్టించాడు.

"నిజాంసాగర్ల నీళ్లు ఇంకినయక్కా," అన్నాడు. "మనూరు బయటవడ్డది. గోడలు కనవడ్తున్నయంట."

సత్తవ్వ జొన్న గటక కలుపుతున్న చేయి ఆపింది.

నిజాంసాగర్ ఆనకట్ట కట్టి ఆ ఊరు ముంచేనాటికి ఆమె పదేళ్ల పిల్ల. బాలన్న చంకలో ఉన్నాడు. బండి మీద మంచాలు, కోళ్ల గంప, ఇసుర్రాయి. తల్లి గడపకు మొక్కి, మళ్లీ వెనక్కి చూడకుండా నడిచింది. సత్తవ్వ చూస్తూ చూస్తూ నడిచి రాయి తట్టుకొని పడింది. తమ్ముణ్ణి మాత్రం వదల్లేదు. ఆ తర్వాత ఎన్నో ఊళ్లు, ఎన్నో కూలి పనులు. తాను పుట్టిన ఇంటి మీద నిలిచిన నీళ్లే కాలువలో వస్తే, ఆ నీళ్లే ముంచి ఇన్నేళ్లూ పాదులకు పోసింది.

"పోదాం పా. వాన వడితే మల్ల మునుగుతది."

"ఎట్లొస్తరా. పాదులెవరు తడుపుతరు?"

బాలన్న బీడీని నేలకు నొక్కి ఆర్పాడు. అక్క నోట ఎప్పుడూ వినే జవాబే అది.

పొద్దున పెరట్లో బిందె దించుతుంటే వసంతమ్మ ఆమె ముఖం చూసి సంగతేమిటని అడిగింది. సత్తవ్వ రెండు ముక్కల్లో చెప్పి మళ్లీ బోరింగుకు పోయింది. వసంతమ్మకు మోకాళ్ల నొప్పులు, బిందె ఎత్తలేదు. కాసేపు ఆలోచించి సిరాజ్‌కు కబురంపింది. వీధి చివర సైకిల్ దుకాణం అతనిది. ఏది చెడిపోయినా ఆ వీధి అతన్నే పిలుస్తుంది.

సత్తవ్వ తిరిగొచ్చేసరికి అతను పెరట్లో నిలబడి పాదుల వంక చూస్తున్నాడు.

"మా అమ్మీ దవాఖానల ఉన్నప్పుడు సూసిన సత్తవ్వా. సీసా పైన కట్టి సన్న నల్లి వెట్టిండ్రు. బొట్టు బొట్టు దిగుతుండె. మనిషికి నడిసింది చెట్టుకెందుకు నడ్వది?"

సత్తవ్వకు నమ్మకం కుదరలేదు. వద్దని వాదించే ఓపిక కూడా లేదు.

పాత డ్రమ్ము కడిగి, రాళ్లు పేర్చి, గోడ పక్కన ఎక్కించారు. సిరాజ్ దాని అడుగున తూటు వేసి నల్ల రబ్బరు పైపు బిగించి సాళ్ల వెంట పరిచాడు. సత్తవ్వ వేలు పెట్టి చూపిన చోటల్లా కాల్చిన మేకుతో పైపును పొడిచి, సైకిల్ వాల్వుకు వేసే సన్న గొట్టం ముక్క దూర్చాడు. ఎండ నెత్తికెక్కింది. ఇక నీళ్లు కావాలి. సత్తవ్వ మోసింది. మోసి, మోసి, డ్రమ్ము నింపింది.

పైపు తెరిస్తే మొదటి వంగమొక్కల దగ్గర బుడబుడమని పారింది. చివరి బీరపాదుకు చుక్క రాలేదు.

"డ్రమ్ము ఇంక పైకి లేవాలె," అన్నాడు సిరాజ్ ఆమె ముఖం చూడకుండా. "ఖాళీ చేస్తెనే లేస్తది."

సత్తవ్వకు ప్రాణం ఉసూరుమంది. నీళ్లు పాదుల్లోకి వదిలి, సిరాజ్ డ్రమ్ము కింద ఇంకో వరస రాళ్లు పేర్చాక, మళ్లీ చుట్టకుదురు నెత్తిన పెట్టుకొని బోరింగు వైపు తిరిగింది. ఆ నడకలో ఒకచోట గోడ పట్టుకొని నిలబడింది. ఎడమ భుజం నుంచి మోచేతి దాకా ఏదో గుంజింది. ఎప్పుడూ ఉండే గుంజుడే అనుకుంది. అక్క కోసం వెతుక్కుంటూ వచ్చిన బాలన్న ఆమె చేతిలోంచి బిందె లాక్కున్నాడు. మిగిలిన నీళ్లు అతనే తెచ్చాడు. డ్రమ్ముకు దగ్గరున్న గొట్టాల్లో సిరాజ్ దారప్పోగులు దూర్చి ధార తగ్గించాడు.

ఈసారి బీరపాదు దగ్గర గొట్టం కొసన ఒక బొట్టు ఊరింది. కాసేపు వేలాడింది. రాలింది. నేల మీద రూపాయంత తడి మచ్చ పడింది. దాని మీదే మరో బొట్టు.

సత్తవ్వ గొంతుక్కూర్చొని చూసింది. బిందె కుమ్మరిస్తే నీళ్లు ఎటో అటు పారేవి. ఈ మచ్చ మాత్రం కదలకుండా అక్కడే పెద్దదవుతోంది.

"గిది ముందుగాల ఎందుకు తట్టలే కొడుకా నీకు?"

"అమ్మీ ఎన్నడు దవాఖానకు వోలేదు కద అవ్వా, మొన్నటిదాంక."

"మంచిగైందా?"

సిరాజ్ మేకును గుడ్డలో చుట్టుకుంటూ లేదన్నట్టు తలూపాడు. సత్తవ్వ పాదు దగ్గర నుంచి లేచింది. కోసిపెట్టిన వంకాయల్లోంచి నాలుగు లేతవి ఏరి అతని సంచిలో వేసింది.

ఆ మధ్యాహ్నం ఆమెకు చేయడానికి పని లేదు. ఊరికే కూర్చోవడం చేతకాక కలుపు కోసం వెతికింది. కలుపు కూడా లేదు. చివరికి బీరపందిరి నీడలో గోడకానుకొని, బొట్లు చూస్తూ చూస్తూ కళ్లు మూసింది. వసంతమ్మ వంటింటి కిటికీలోంచి చూసి లేపలేదు. పగటిపూట సత్తవ్వ నిద్రపోవడం ఆమె అదే మొదటిసారి చూడటం.

పొద్దు వాలుతుండగా బాలన్న వచ్చి బస్సు వేళైందన్నాడు. సత్తవ్వ లేచి, కొంగు దులుపుకొని, సాళ్ల మధ్య ఈ కొస నుంచి ఆ కొసకు ఒకసారి నడిచింది.

"బీర పూత మీదున్నదమ్మా. పైలం."

"డ్రమ్ము నేను నింపిస్త. నువ్వు నిమ్మళంగ పోయి రా," అంది వసంతమ్మ.

నెత్తిన ఏమీ లేకుండా, మెడ ఎడమకు ఒరిగించి, తమ్ముడి వెనక ఆమె సందు మలుపు తిరిగింది.

నాలుగోనాడు బాలన్న ఒక్కడే వచ్చాడు. వసంతమ్మ ఇంటి మెట్టు మీద కూర్చొని, సిరాజ్ కూడా వచ్చి నిలబడ్డాక చెప్పాడు.

"ఎండిన బురదల శానాదూరం నడిసింది. మా ఇంటి గడపరాయి నేను గుర్తువట్టలే, అక్కనే వట్టింది. 'గీడ్నే అవ్వ మొక్కింది' అని దాని మీద కూసున్నది. దూపైతుందంటే నేను నీళ్లకు వోయిన. వచ్చేసరికి పక్కకు ఒరిగున్నది. నిద్రవోయిందనుకున్న."

అందరూ వెళ్లిపోయాక వసంతమ్మ పెరట్లోకి వచ్చింది. డ్రమ్ములో సగానికి పైగా నీళ్లున్నాయి. వంగమొక్కల దగ్గర నేల నల్లగా తడిసి ఉంది. బీరపాదు దగ్గర మాత్రం బొట్టు ఆగిపోయింది. గొట్టం కొసన మన్ను బిగుసుకుంది. ఆమె మోకాళ్లు పట్టుకొని వంగి, పొడవడానికి ఏమైనా దొరుకుతుందా అని చుట్టూ చూసింది. వంగిన మనిషి చేతికి అందేటంత ఎత్తులో, పందిరి గుంజకు ఒక తుమ్మముల్లు గుచ్చి ఉంది. పట్టుకుంటే వేలికి దిగకుండా, దాని మొదలుకు సత్తవ్వ చీర అంచు పోగు ఒత్తుగా చుట్టి ఉంది.