హారతి లేని స్వామి సినిమా

కార్తీక పున్నమి నాడు కాశమ్మ ఒక్కపొద్దు విడవాలంటే టీవీలో స్వామి సినిమా చివరిదాకా రావాలి, అందులో హారతి వెలగాలి. ఆ ఇంటి ఆచారం అది. విన్నవాళ్లు నవ్వుకున్నా కొడుకు బాల్‌రాజ్‌కు మాత్రం నవ్వు రాదు. చిన్నతనంలో తనకు కామెర్లు ముదిరి మంచం పట్టిన ఏడు, తల్లి పున్నమికి అనంతగిరి స్వామి జాతరకు పోలేకపోయింది. వాడలో ఎవరో వీసీఆర్ అద్దెకు తెచ్చి ఆ సినిమా వేస్తే, తెరమీది హారతికే చేతులు చాపి మొక్కుకుంది. పిల్లవాడు లేచి తిరిగాడు. అప్పటినుంచి ఏటేటా అదే సినిమా, అదే హారతి, ఆ తర్వాతే ముద్ద.

ఆ సినిమా కోసం బాల్‌రాజ్ పడ్డ తిప్పలు ఇన్నీ అన్నీ కావు. మొదట క్యాసెట్ కొన్నాడు. దాని రీలుకు బూజు పట్టింది. తర్వాత వీసీడీలు వచ్చాయి. ఒకటి అయిపోయి ఇంకొకటి వేసేలోపు భక్తి చల్లారిపోయేది. ఆ మీదట డీవీడీ. "ఇగ గిదే ఆఖరు పటేలా, నీ మనుమల దాంక ఆడుతది" అని తాండూరులో వీడియో దుకాణం నడిపే జమాల్ మాటిచ్చాడు. కొన్నేళ్లకు జమాలే దుకాణం మార్చి సెల్‌ఫోన్లు అమ్మడం మొదలుపెట్టాడు. ఇంట్లోకి పెద్ద టీవీ వచ్చాక డీవీడీ బొమ్మ అలుక్కుపోయినట్టు కనిపించింది. ఈ ఏడు యాప్‌లో కొత్తగా మెరుగుపెట్టిన ఫోర్‌కే బొమ్మ వచ్చిందంటే అదీ కొన్నాడు.

"దేవుడు ఒక్కడే. పెట్టెలే మారుతున్నయ్" అని భార్య మనోరమ ఎత్తిపొడిచింది.

బొమ్మ మెరుగైన మాట నిజమే. స్వామి కిరీటంలో రాళ్లు విడివిడిగా మెరుస్తున్నాయి. కానీ కొత్తది రాగానే పాతది పనికిరాకుండా పోవడమేమిటో బాల్‌రాజ్‌కు అంతుపట్టదు. దేవుడి గదిలో తాత నాటి పటం ఉంది. దానికి అట్లా కాలం చెల్లలేదు కదా.

పున్నమి సాయంత్రం వికారాబాద్‌లోని ఇంట్లో సినిమా అయిపోయింది. తెరమీద పేర్లు పడుతున్నాయి. కాశమ్మ రెండు చేతులూ చాపుకుని అట్లాగే కూర్చుంది.

"హారతి ఏది కొడుకా?" అంది.

బాల్‌రాజ్ వెనక్కి తిప్పాడు. గుడి తలుపులు తెరుచుకున్నాయి, గంట మోగింది, వెంటనే పేర్లు. మళ్లీ తిప్పాడు. మళ్లీ అంతే. రీలు పాడైందని తీసేశారో, పొడుగైందని కోసేశారో, మెరుగుపెట్టినవాళ్లు హారతిని లేకుండా చేశారు.

"ఇంక తిను అత్తమ్మా. వాళ్లు తీసేస్తె నువ్వేం జేస్తవు?" అంది మనోరమ.

"హారతి కాంది ముద్ద ఎట్ల దిగుతది?"

మనోరమ భర్తను వంటింట్లోకి పిలిచి గొంతు తగ్గించింది. "పొద్దుగాల షుగర్ గోలీ మింగిందట. ఒక్కపొద్దు నాడు వద్దని చెప్పిన, ఇన్లే. కడుపుల మెతుకు లేదు, షుగర్ పడిపోతది."

బాల్‌రాజ్ తాండూరుకు ఫోన్ చేశాడు. ఇంట్లో డీవీడీ ఉన్నా దాన్ని ఆడించే ప్లేయర్ లేదు, జమాల్ దగ్గర పాతది ఇంకా ఉంది. "ఫికర్ చెయ్యకు, బండి స్టేషన్ల ఉన్నది, అందుకుంట" అన్నాడు.

రైలు వచ్చేదాకా మనోరమ చక్కెర నీళ్లు కలిపి పట్టుకుని నిలబడింది. కాశమ్మ పెదవులు బిగించింది. జమాల్ గడప దగ్గర చెప్పులు విడిచేసరికి ఆమె నుదురు చెమటతో తడిసి ఉంది, వేళ్లు వణుకుతున్నాయి.

బాల్‌రాజ్ దేవుడి గదిలోంచి డీవీడీ తెచ్చాడు. జమాల్ దాన్ని తిప్పి చూసి నోరు తెరిచాడు.

"గిదేంది పటేలా? మెరిసే దిక్కు బొట్లు పెట్టినవ్?"

ప్రతి దసరాకూ జమ్మి ఆకుతో పాటు దానికీ పసుపు, గంధం, కుంకుమ పెట్టాడు బాల్‌రాజ్. "గదే ముఖమనుకున్న" అన్నాడు.

"ముఖమే. దానికి కండ్లు గూడ గక్కడ్నే ఉంటయ్. కండ్లల్ల గంధం గొట్టినవ్."

నీళ్లతో కడిగి మెత్తటి గుడ్డతో తుడిచారు. గంధం వదిలింది కానీ కింద గీతలు మిగిలాయి. జమాల్ వైర్లు తగిలించి, ఆఖరి భాగానికి జరిపాడు. గుడి తలుపులు తెరుచుకున్నాయి. గంట మోగింది. పూజారి పళ్లెం ఎత్తాడు.

అక్కడే బొమ్మ ఆగిపోయింది. పళ్లెంలో కర్పూరం ఇంకా వెలగలేదు.

జమాల్ నొక్కాడు, తీశాడు, మళ్లీ పెట్టాడు. అదే చోట ఆగింది.

కాశమ్మ కళ్లకు శుక్లాలు. తెరమీద వెలుతురు ఉందని మాత్రమే తెలుస్తోంది. "అయిందా?" అని అడిగింది. మాట ముద్దగా వచ్చింది.

మనోరమ భర్త చేయి గట్టిగా పట్టుకుంది. "అయిందను" అని పెదవులతోనే చెప్పింది.

ఒక్క మాట. అది అంటే చాలు, తల్లి తింటుంది, ప్రాణం నిలుస్తుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ తన ప్రాణం కోసం మొక్కిన మొక్కును అబద్ధంతో ఎట్లా తీర్చడం? దేవుడు తప్పు పడతాడో లేదో ఆయనకు తెలియదు. తల్లి తననే నమ్మి అడుగుతోందని మాత్రం తెలుసు.

"కాలేదమ్మా. బొమ్మ ఆగింది" అన్నాడు.

మనోరమ కళ్లు మూసుకుంది. బాల్‌రాజ్ దేవుడి గదిలోకి పోయి పళ్లెంలో కర్పూరం వెలిగించి తెచ్చాడు. టీవీ ముందు కాదు, తల్లి ముందు నిలబడి, వణుకుతున్న ఆమె చేతులను పట్టి మంట దగ్గరికి తెచ్చాడు.

ఆమె చేతులు ఆగాయి. "ఇదెవరిది? సినిమాదా, మనదా?"

"మనదే."

కాశమ్మ అరచేతులు కళ్లకు అద్దుకుంది. కాసేపు అట్లాగే ఉంచుకుంది.

"టీవీల హారతికి వేడి ఉండకపోయేది కొడుకా" అంది. "ఎన్నడూ ఉండకపోయేది. నువ్వు కొన్నవు గద అని ఊకున్న."

మనోరమ గ్లాసు అందించింది. కాశమ్మ చక్కెర నీళ్లు గుటక గుటకగా తాగింది.