ఇంటికి గంటన్నర

మామగారు పెట్టిన బ్రాడ్‌బ్యాండ్ కంపెనీ చిన్నది. నాలుగు వేల ఇళ్లు, ఎనిమిది మంది టెక్నీషియన్లు, రెండు వ్యాన్లు. ఆయన మోకాళ్లు మొరాయించాక నిర్వహణ ఖర్చులు చూసే పని కోడలి నెత్తిన పడింది.

"అమ్మాయ్, ఖర్చు తగ్గకపోతే ఈ ఏడాది గట్టెక్కలేం. ఒక మనిషిని తీసెయ్యక తప్పదు. ఎవర్నో నువ్వే చూడు" అన్నారాయన, మొహం కిటికీ వైపు తిప్పుకుని.

ఆమె టెక్నీషియన్ల రోజువారీ పని పట్టీలు తిరగేసింది. పెద్దగా వెతకనక్కర్లేకపోయింది. మిగతావాళ్లు రోజుకు ఎనిమిది ఇళ్లు చూసొస్తుంటే, అందరూ 'నిచ్చెన' అని పిలిచే పొడుగాటి మనిషి నాలుగే చూస్తున్నాడు. ఇంటికి గంటన్నర. పైగా నత్తి. ఆలస్యం ఎందుకని అడిగితే జవాబు సగంలోనే ఆగిపోయేది.

తీసేసే ముందు ఒక్కరోజు కళ్లారా చూద్దామని అతని వెంట వెళ్లింది.

మొదటి ఇంట్లో ఇంటర్నెట్ మాటిమాటికీ ఆగిపోతోంది. నిచ్చెన రౌటర్ డబ్బాను ఆపి మళ్లీ వేయగానే పచ్చలైటు వెలిగింది. పని అయిపోయిందనుకుని ఆమె లేచింది. అతను మాత్రం తీగ వెంబడే మేడెక్కాడు. తలుపు సందులో నలిగిన ముక్క కోసేసి కొత్తది అతికాడు. ఇనుప బీరువా వెనక ఇరుక్కున్న డబ్బాను బయటికి తీసి గోడకు బిగించాడు. ఇంటావిడ చేతే ప్లగ్గు తీయించి, పెట్టించాడు.

"ఆగిపోతే ఇ... ఇలా చెయ్యండి. అప్పటికీ రాకపోతే ఫోన్ చెయ్యండి."

"ఈయనొచ్చి బాగుచేసి వెళ్లాక మా అక్కావాళ్లకి మళ్లీ మీవాళ్లెవర్నీ పిలవాల్సిన పని పడలేదండీ. అందుకే ఈయన్నే పంపమన్నాను" అంది ఇంటావిడ.

ఆ మాట కోడల్ని కుదురుగా ఉండనివ్వలేదు. ఆఫీసుకొచ్చి ఏడాది ఫిర్యాదులన్నీ ముందేసుకుంది. మిగతావాళ్లు బాగుచేసిన ప్రతి మూడిళ్లలో ఒకటి నెల తిరక్కుండానే మళ్లీ ఫోన్ చేసింది. నిచ్చెన వెళ్లినవాటిలో ఇరవైకి ఒకటి. పెట్రోలూ, మనుషుల పూటలూ ఒకసారి చూసిన ఇంటికే మళ్లీ వెళ్లడంలో కరిగిపోతున్నాయి.

"అయితే అందర్నీ నింపాదిగా పనిచెయ్యమంటావా? నలుగురిలో నవ్వులపాలు చేసేలా ఉన్నావే!" అన్నారు మామగారు.

"మూణ్ణెల్లు ఇవ్వండి మామయ్యా. ఖర్చు తగ్గకపోతే తీసేసే కాగితం మీద నేనే సంతకం పెడతాను."

టెక్నీషియన్లు ఒక్కొక్కరుగా నిచ్చెన వెంట వారమేసి తిరిగారు. అతను పాఠం చెప్పలేదు, చేస్తుంటే పక్కన నిలబెట్టుకున్నాడంతే. మొదటి నెల ఖర్చు ఇంకా పెరిగింది. మామగారు భోజనాల దగ్గర రోజూ ఖర్చు లెక్క అడగడం మొదలెట్టారు. రెండో నెల ఫిర్యాదులు పలచబడ్డాయి. మూడో నెల చాలా రోజులు ఒక వ్యాను పనిలేక షెడ్డులోంచి కదల్లేదు.

మామగారు కళ్లజోడు తుడుచుకుని అంకెలు రెండుసార్లు చూశారు. "సరే, ఎవర్నీ తియ్యక్కర్లేదులే" అన్నారు.

మర్నాడు ఆమె నిచ్చెన దగ్గరికెళ్లి, దాచడం ఇష్టంలేక, తీసేద్దామనుకున్నది అతన్నేనని చెప్పేసింది.

"తెలుసమ్మా" అన్నాడతను. "లేకపోతే మీరు ఎండలో నా వెనక ఎం... ఎందుకు తిరుగుతారు? ఆ రోజు గబగబా కానిద్దామనే అనుకున్నాను. చే... చేతులు మాట వినలేదు."