ఇరవై రెండేళ్ళ సెలవు

మేం బసకు దిగిన ఇంటావిడ స్తమాతియా గారి హాల్లో గోడకు వేలాడే పాత ఫ్యామిలీ ఫొటోలో మంగళవారం నుంచి మా ఆయన ఉన్నారు. వెనక వరసలో, చివరన, మొన్న రేవులో కొన్న టోపీ పెట్టుకుని నిలబడ్డారు.

ఈ చిన్న గ్రీకు దీవికి వారం రోజులు హాయిగా కాళ్ళు చాపుకుని కూర్చుందామని వచ్చాం. ఇక్కడ చప్పుడన్నది లేదు. మధ్యాహ్నం రెండింటికి మనుషులతో పాటు సముద్రం కూడా పడుకుంటుంది. ఐదింటికి లేచి మళ్ళీ అలలు మొదలుపెడుతుంది. అంతా బాగానే ఉంది, అదే నాకు నచ్చడం లేదు.

స్తమాతియా అచ్చం మా నరసాపురం తెలుగు మాట్లాడుతుంది. ఎక్కడ నేర్చుకున్నారంటే, "మీరు వింటున్నారు కదండీ, మరి మాట్లాడొద్దా?" అంటుంది. రోజూ పొద్దున్నే మా ఆయనకు చెంచాడు చెర్రీపళ్ళ పాకం, నాకు గ్లాసుడు మంచినీళ్ళు ఇస్తుంది. నాకు ఒళ్ళు మండిపోతోంది.

బుధవారం ఫొటోలో ఆయన ముందు వరసలోకి వచ్చారు. గురువారం సరిగ్గా మధ్యన కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఒళ్ళో ఓ పసిపిల్ల కూడాను.

"ఇదేం చోద్యమండీ?" అని ఇంటావిడను నిలదీస్తాను.

"చోద్యమేముందమ్మా! మీ ఆయన విశ్వపతి మావాడేగా. ఇరవై రెండేళ్ళ కిందట సెలవు పెట్టి మీ ఇంటికొచ్చాడు. ఆ సెలవు కాస్తా అయిపోయిందండీ," అంటుంది, చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ.

ఈవిడకు మతి పోయిందనుకుంటాను. ఇంతలో మా ఆయన వరండాలోకి వచ్చి, నాకు కుర్చీ జరిపి, "మీరు ఇంకా ఎన్నాళ్ళుంటారండీ?" అని అడుగుతారు.

పెళ్ళయిన మర్నాటి నుంచి ఆయన నన్ను ఏనాడూ 'మీరు' అనలేదు.

"ఏమండీ, నేనండీ! హైమవతిని!"

"మంచి పేరండీ," అంటారు.

ఏడుస్తూ కూర్చుంటే మనిషి దక్కడు. శనివారం ఓడ రాగానే ఆయన చెయ్యి పట్టుకుని రేవుకు లాక్కెళ్తాను. ఆయన రెండో చెయ్యి స్తమాతియా పట్టుకుని ఉంది. ఆవిడ చెయ్యి వాళ్ళ అత్తగారు, అత్తగారి చెయ్యి తెల్ల చర్చి, చర్చి చెయ్యి మెట్లదారి. నేను మాత్రం వదిలితేనా? గట్టిగా లాగుతాను. ఒకరి వెనక ఒకరుగా దీవి మొత్తం ఓడెక్కుతుంది. టిక్కెట్లు చూసేవాడు అందరికీ ఒకటే మాట చెప్తాడు: "సామాన్లు దారికి అడ్డం పెట్టకండి."

ఓడ కదులుతుంది. ఆయన నా పక్కనే ఉన్నారు, చెయ్యి వెచ్చగా ఉంది. ప్రాణం లేచొచ్చినట్టుంది నాకు.

దీవి ఉన్నచోట సముద్రంలో పెద్ద గొయ్యి మిగిలింది. నీళ్ళు అందులోకి దూకకుండా అంచున ఆగి తొంగిచూస్తున్నాయి. అడుగున, తడి ఇసుకలో, నేను కట్టుకున్న చీరే కట్టుకుని, నా మొహంతోనే ఒకావిడ నిలబడి ఉంది.

"ఏమే హైమా! అక్కడేం చేస్తున్నావే?" అని మా ఆయన ఆవిడను కేకేస్తారు.

ఆవిడ కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని పైకి చూస్తుంది.

"ఏమండీ," అంటుంది, "మీ చెయ్యి పట్టుకున్నావిడ ఎవరండీ?"