ఎర్ర పెట్టె మూసిన వేలు

ఈ తాత ఇవాళ షట్టరు ఎత్తలేదేమిటి, తొమ్మిదింపావయింది, గడియారాలు బాగుచేసే మనిషికి ఆలస్యమంటే అప్రతిష్ఠ కదా, అనుకుంటూ ఆమె ఎదురుగా మూసి ఉన్న షాపు వంక ఓ చూపు చూసి చేతిలోని మందుల చీటీ కంప్యూటరులోకి ఎక్కించసాగింది, కౌంటరు ముందున్నావిడకి చెవిపోటు, యాంటీబయాటిక్ రాశారు, ఎప్పట్నుంచో వాడుతున్న కొలెస్ట్రాల్ బిళ్ళ ఎలాగూ ఉంది, అలా నొక్కిందో లేదో తెర మీద ఎర్ర పెట్టె లేచింది, ఈ రెండూ కలిపి ఇవ్వరాదు, వేలు దానంతటదే మూసే మీట మీదికి పోయింది, రోజుకు వంద లేస్తాయిలాంటివి, పాలతో వద్దనీ పరగడుపున వద్దనీ, అయినదానికీ కానిదానికీ ఎర్రబడే కంప్యూటరుకి జడుస్తూ కూర్చుంటే వరుస వీధి చివరిదాకా పోతుంది, వేలు మీట మీదే ఉంది, నొక్కలేదు, ఇదే పెట్టె, ఇవే రెండు మందులు, ఇదే వేలు, శుక్రవారం, దగ్గుతూ నిలబడ్డ తాత.

శుక్రవారం వరుసలో ఏడుగురున్నారు, ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని కూతురి మీద అరుస్తోంది తను, తాత దగ్గు ఆపుకుంటూ ఏం, మందులమ్మాయ్, నీ కంప్యూటరుకి కోపమొచ్చినట్టుందే అన్నాడు, నలభై రెండేళ్ళొచ్చినా ఆయనకి తను అమ్మాయే, దానికి రోజూ ఉండేదేలే తాతా అని నవ్వింది, నవ్వుతూనే నొక్కింది, మూడేళ్ళ కిందట ఆయనకి కొలెస్ట్రాల్ బిళ్ళ మొదలెట్టినప్పుడు పంపరపనస జాతి గ్రేప్‌ఫ్రూట్ జ్యూసు మానెయ్యాలని ఇదే వేలు చూపించి బెదిరించింది, అది తాగితే బిళ్ళ ఒంట్లోంచి పోయే దారి మూసుకుపోతుంది తాతా, మందు పేరుకుపోయి కండలు కరిగించేస్తుంది, పెళ్ళయిన నాటినుంచీ పొద్దున్నే గ్లాసుడు తాగే మనిషి, నువ్వు చెప్పాక తిరుగేముందమ్మా అని ఆ రోజే మానేశాడు, మళ్ళీ చుక్క ముట్టలేదు, ఆ జ్యూసు మూసే దారినే ఈ యాంటీబయాటిక్ ఇంకా గట్టిగా మూస్తుంది, ఆ ముక్క నిద్రలో లేపి అడిగినా చెబుతుంది తను, జ్యూసుకి అంత రాద్ధాంతం చేసిన మనిషే దీన్ని కవరులో పెట్టి మరీ చేతికిచ్చింది.

నిన్న కూడా వచ్చాడు, గోడ పట్టుకుని, తొడలు పిండేస్తున్నాయమ్మా, మెట్లు ఎక్కలేకపోతున్నా అంటే వయసు తాతా, గడియారానికి స్ప్రింగు నువ్వు మారుస్తావు, నీకెవరు మారుస్తారు అని జోకు వేసింది, జోకు, నొప్పుల ట్యూబు ఒకటి చేతిలో పెట్టి పంపింది, తలుచుకుంటే సిగ్గుతో ప్రాణం పోతున్నట్టుంది, రెండో చేత్తో తాత ఇంటికి ఫోను కలిపింది, మోగుతోంది, ఎత్తరేం, ఎత్తండి మామ్మా, నా మందులండీ అంటోంది చెవిపోటావిడ, ఒక్క నిమిషం కూర్చోండి, మీ డాక్టరుతో మాట్లాడి వేరేది ఇస్తాను, ఎత్తారు, మామ్మా నేను, మందులమ్మాయిని, తాత ఎలా ఉన్నారు.

ఏముందమ్మా, మంచం దిగలేకపోతున్నారు, ఒంటేలు చూస్తే టీ డికాషనులా పోతోంది, వేడి చేసినట్టుంది, ఇదిగో నువ్విచ్చిన దగ్గుబిళ్ళ వేద్దామని గ్లాసు పట్టుకున్నా, వెయ్యొద్దు, షాపంతా తిరిగి చూసేలా అరిచింది, వెయ్యొద్దు మామ్మా, రాత్రి వేసే కొలెస్ట్రాల్ బిళ్ళ కూడా వద్దు, కరిగిన కండ మూత్రపిండాలకి అడ్డం పడుతోంది, అంబులెన్సు నేను పిలుస్తాను, ఆసుపత్రికి వెళ్ళాలి, అని ఆగింది, ఇక్కడితో ఊరుకుంటే చాలు, వేడి అనుకుంటారు, వయసనుకుంటారు, పెట్టె ఎవరు మూశారో కంప్యూటరులో ఉంటుంది గాని ఎవరు తీసి చూస్తారు, లైసెన్సు, పదిహేడేళ్ళ కౌంటరు, కూతురి ముఖం, కానీ అక్కడ డాక్టరు ఏం వాడుతున్నారని అడిగితే మామ్మ ఏమంటుంది, మా మందులమ్మాయి ఇచ్చినవేనండీ, మంచివే, అంటుంది, వాళ్ళు వేడి దగ్గరే సగం రోజు వెతుకుతారు, తాత దగ్గర సగం రోజు లేదు.

ఎందుకమ్మా వెయ్యొద్దంటున్నావు, నువ్విచ్చినవేగా, అంటోంది మామ్మ, గొంతులో అనుమానమన్నది లేదు, ఆ నమ్మకంతోనే జ్యూసు మానేశాడాయన, ఆ నమ్మకంతోనే ఈ బిళ్ళలూ మింగాడు, షెల్ఫుల నిండా ఇన్ని మందులున్నాయి, వాటిల్లో ఒక్కటీ ఇప్పుడు ఆయనకి అక్కరకు రాదు, తన నోట్లో ఉన్న నిజమొక్కటే వస్తుంది, మీట మీద నుంచి వేలు తీసేసింది, అవును మామ్మా, నేనిచ్చినవే, కలపొద్దని కంప్యూటరు చెప్పినా చూడకుండా ఇచ్చింది నేనే, తప్పు నాది, డాక్టరుకి ముందు ఈ మాటే చెప్పండి, ఉహూఁ, మీరు చెప్పలేరు, నేనే వస్తున్నా, నేనే చెబుతా.