ఒతీలియా దిగిన మెట్లు

శాంటియాగో నుంచి మా వాల్పరాయిసోకి రావడం ఏమంత కష్టం కాదు. బస్సెక్కి ఓ కునుకు తీస్తే సముద్రం కనిపిస్తుంది. అసలు తంటా దిగాకే. కింద వీధుల్లో ట్రాలీబస్సులు, షేర్ టాక్సీలు బోలెడున్నాయి గానీ అవేవీ ఒతీలియా ఉండే కొండమీది సందు దాకా రావు. కొండ లిఫ్టు మరమ్మతుల పేరుతో మూతబడి ఏళ్ళయింది. ఇక మిగిలింది మెట్లే. ఆ మెట్లు మనిషి దిగులును బట్టి పెరుగుతాయి. అందుకే పొద్దున రొట్టెలకి దిగేవాళ్ళు "ఇవాళ నీకెన్నొచ్చాయి?" అని పలకరించుకుంటారు. జీతాలు ఆలస్యమైన నెలలో కొండకొండంతా ఆయాసపడుతుంది.

ఆ లిఫ్టు నడిపిన నోల్బెర్తో ఒతీలియా మొగుడే. ఆయనకి ఊపిరందక పెదాలు నీలంగా మారిన రోజున అంబులెన్సు కింద వీధిలోనే ఆగిపోయింది. ఇలాంటప్పుడు రోగి ఎవరో తెలియక దిగులుపడని మోతగాళ్ళని పక్క కొండనుంచి పిలిపిస్తారు, ఇంటివాళ్ళు గుమ్మం దాటరు. ఒతీలియా వింటేనా! కుర్చీలో కూర్చోబెట్టిన మొగుడి చెయ్యి పట్టుకుని తనూ బయల్దేరింది.

ఎంత దిగినా సముద్రం దగ్గరికి రాలేదు.

"చెయ్యి వదిలెయ్యమ్మా. ఇలాగైతే దారిలోనే పోతాడు," అన్నాడు మోతగాడు.

"నువ్వు మొయ్యి చాలు. నీతులు చెప్పకు."

నోల్బెర్తో కళ్ళు తెరిచాడు. "ఒతీలియా, ఒకటి చెప్పాలి. ఆదివారాలు డ్యూటీ అని పోయేవాణ్ణి చూడు... డ్యూటీ కాదు. పక్కూరు కిల్పువేలో ఒకామె ఉండేది."

"ఎవత్తది?"

"నీకంటే బాగా వండేది."

ఒతీలియా చెయ్యి విదిలించి కొట్టింది. "దొంగ సచ్చినోడా! ఆ ఆదివారాలకి నేనేగదరా చొక్కా ఇస్త్రీ చేసి పంపింది!" అరుపు పూర్తికాకముందే కాళ్ళకి వీధి తగిలింది.

ఆస్పత్రిలో ఆక్సిజన్ పెట్టారు. లోపలికి రమ్మని నర్సు పిలిస్తే, "ఆ కిల్పువే దాన్ని పిలుచుకోండి," అని వరండాలో బల్లమీదే కూర్చుంది ఒతీలియా. నర్సు ఇంకోసారి వచ్చి పిలిచింది. ఆ తర్వాత వచ్చినప్పుడు పిలవలేదు, ఆమె పక్కన కూర్చుని భుజం మీద చెయ్యేసింది.

సాయంత్రం మెట్ల దగ్గర పొరుగింటి ఫ్రేసియా ఎదురొచ్చింది. నోల్బెర్తో పోయిన సంగతీ, దారిలో అన్న మాటా విని నోరు నొక్కుకుంది.

"నమ్మావా అక్కా? కిల్పువేలో ఎవత్తీ లేదు. నువ్వు చెయ్యి వదలవని ఆయనకి తెలుసు. అలాంటి రోజొస్తే ఏమనాలో మా వంటింట్లో కూర్చుని నా ముందు అప్పజెప్పుకున్నాడు. వంట మాట వద్దు, మరీ అన్యాయం అన్నాను. అదంటేనే మండుతుంది అన్నాడు."

ఒతీలియా మెట్లెక్కడం మొదలుపెట్టింది.

పైన ఇంట్లో ఇరుగుపొరుగు కుర్చీలు సర్దారు, టీ కాచారు. అది చల్లారితే మళ్ళీ కాచారు. ఫ్రేసియా కూడా ఏడ్చుకుంటూ బాగా ఆలస్యంగా ఇల్లు చేరింది. తెల్లారి కిందికి దిగినవాళ్ళకి ఒతీలియా ఇంకా మెట్ల మధ్యలో ఎక్కడో కనిపించింది.

"ఆఖర్న మా ముసలోడితో ఒక్క మంచి మాటైనా మాట్లాడలేదు," అంది వాళ్ళతో. ఆగకుండా ఎక్కుతూనే ఉంది.